ఆజ్ఞ ఎవరికి వినిపించింది? క్లౌ దొర ఆత్మకథపై ఒక పరిశీలన

తెలుగునాట క్రైస్తవ పరిచర్యను గురించిన జీవితచరిత్రల్లో ఒక మాట రకరకాల రూపాల్లో ఎదురవుతూ ఉంటుంది. ఫలానా పని మేము తలపెట్టింది కాదు, దేవుడు చెప్పాడు గనుక చేశాము అనేదే ఆ మాట. భక్తులైన పాఠకులు దాన్ని సాక్ష్యంగా స్వీకరిస్తారు. చరిత్రకారులు దాన్ని మర్యాదగా పక్కన పెట్టి అంకెల్లోకి వెళ్లిపోతారు. సాహిత్య విద్యార్థికి ఈ రెండు దారులూ పనికిరావు. ఆ మాట కథనంలో ఎక్కడ వస్తున్నది, ఎవరి నోట వస్తున్నది, అది వచ్చిన తరవాత కథలో ఎవరికి ఏమవుతున్నది అని అడగడం అతని పని. ఈ వ్యాసంలో మేము ఒక పుస్తకాన్ని పట్టుకొని ఆ మూడు ప్రశ్నలూ అడగదలచుకొన్నాము. ఆ పుస్తకం ఒంగోలులో నాలుగు దశాబ్దాలు పరిచర్య చేసిన జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథ, ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. 1914లో వెలువడింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లయింది.

ఆంగ్లంలో ఉన్న పుస్తకాన్ని తెలుగు శాఖ పత్రికలో ఎందుకు చర్చించాలని కొందరు విజ్ఞులు అడగవచ్చు. దానిలోని మనుషులు తెలుగువారు. దానిలో జరిగిన సంభాషణల్లో ఎక్కువ భాగం మొదట తెలుగులో జరిగినవి. ఒక విధంగా అది మూలం పోయిన అనువాదం. పైగా ఈ పుటలు చదివే విద్యార్థులు ఎక్కువమంది తెలుగు గడ్డకు అవతల పెరిగినవారు. చంద్రపూర్ జిల్లాలోని గడ్‌చాందూరునే తీసుకొందాం. సున్నపురాయి, సిమెంటు కర్మాగారాల ఊరు. పక్కనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో భాగం. భాషాప్రయుక్త విభజనలో అటు వెళ్లింది. ఆ ప్రాంతపు పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దుకాణంలో రెండూ కలిసిన ఒక భాష మాట్లాడుతూ పెరుగుతారు. ఒకరి మాట మరొకరి భాషలో రాయబడటం అంటే ఏమిటో వారికి వేరే చెప్పనక్కరలేదు. మరాఠీ తెలిసి ఉండటం వల్ల వారికి ఈ చర్చలో ఒక సౌలభ్యం కూడా ఉంది. దాని సంగతి తరవాత చెబుతాము.

ముందు మాటల సంగతి. తెలుగు బైబిలులో దేవుడు మనిషికి చెప్పిన దానికి ఒక్క మాట లేదు. ఆజ్ఞ ఉంది, కట్టడ ఉంది, శాసనం ఉంది, ఉపదేశం ఉంది, న్యాయవిధి ఉంది. నూటపందొమ్మిదో కీర్తన చదివినవారికి ఈ వరస పరిచయమే. వీటిలో చాలావరకు కచేరీ వాసన ఉన్న మాటలు. రాసి ఉంచినవి, అందరికీ ఒకటే అయినవి, ఎవరు వెళ్లి అడిగినా అదే జవాబు చెప్పేవి. అయితే మన సంఘాల్లో సేవకులు తమ అనుభవం చెప్పేటప్పుడు వాడేది వీటిలో ఏదీ కాదు. వారు ‘నడిపింపు’ అంటారు. నడిపింపు అందరిదీ కాదు. ఒక మనిషికి, ఒక రోజున, ఒక చిక్కులో వచ్చేది. ఆజ్ఞను ఎవరైనా తెరిచి చూడవచ్చు. నడిపింపును పొందినవాడు చెబితే తప్ప ఇతరులకు తెలియదు. పరిచర్య కథనాల్లోని బలమూ బలహీనతా రెండూ ఈ రెండు మాటల మధ్య ఉన్న ఎడంలోనే ఉన్నాయని మా అభిప్రాయం.

ఇక్కడ ప్రసంగీకులకు ఇష్టమైన ఒక పాత నిబంధన కథను గుర్తు చేసుకోవాలి. దావీదు మందసాన్ని యెరూషలేముకు తెచ్చేటప్పుడు దాన్ని కొత్త బండి మీద ఎక్కించారు. ధర్మశాస్త్రం ప్రకారం దాన్ని లేవీయులు భుజాల మీద మోయాలి. దారిలో ఎడ్లు తొట్రుపడ్డాయి. మందసం పడిపోతుందేమోనని ఉజ్జా చెయ్యి చాచి పట్టుకొన్నాడు, అక్కడికక్కడే చనిపోయాడు. దేవుని పనిని దేవుడు చెప్పిన పద్ధతిలోనే చేయాలని ఈ కథ నుంచి పాఠం తీస్తారు. తీయవచ్చు. అయితే కథను కథగా చదివినప్పుడు మరొకటి కూడా కనిపిస్తుంది. ఊరేగింపుకు పెద్ద దావీదు. చనిపోయింది ఉజ్జా. పద్ధతి నిర్ణయించే స్థానంలో ఉన్నవాడు ఒకడు, దాని ఖరీదు చెల్లించినవాడు మరొకడు. బైబిలు కథకుడు దీన్ని దాచలేదు. దావీదు దీనికి కలత చెందాడని, భయపడ్డాడని కూడా చెప్పాడు. క్లౌ పుస్తకాన్ని చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

క్లౌ 1836లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వే బృందాల్లో పనిచేశాడు. ఈ వివరం చిన్నదిగా కనిపించినా తరవాత కథలో పెద్దదవుతుంది. 1865లో నెల్లూరు వచ్చాడు, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. నెల్లూరులోని అమెరికన్ బాప్తిస్టు మిషను అప్పటికి పాతికేళ్లుగా ఫలం లేని చెట్టులా ఉంది. దాన్ని మూసేయాలా వద్దా అని అమెరికాలోని పెద్దలు 1853లో చర్చించారు. ‘లోన్ స్టార్’ అనే పేరు దానికి ఆ సందర్భంలోనే వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక పనివాణ్ణి పంపమని ప్రార్థించారు. దాన్నే తరవాత ప్రార్థన కొండ అన్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూతు. క్లౌ ఆత్మకథలో ఈ కొండ ఒక పూర్వరంగంలా ఉంటుంది. తాను రాకముందే తన రాక నిర్ణయమయిందన్న భావం పాఠకుడికి కలుగుతుంది. పురాణ కథలో శాపమో వరమో ముందు వచ్చి తరవాత నాయకుడు పుట్టినట్లు ఈ కథ కూడా మొదలవుతుంది. తెలుగు పాఠకుడికి ఈ కట్టు కొత్తది కాదు.

ఇక అసలు ఘట్టం. ఒంగోలు చేరిన తొలి రోజుల్లో క్లౌ ముందు రెండు దారులు నిలిచాయి. ఊళ్లోని బ్రాహ్మణులు, ఇతర పై కులాలవారు ఆయనతో స్నేహంగా ఉన్నారు, పిల్లల్ని బడికి పంపారు. ఇంకోపక్క యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వర్తకుడు 1866లో బాప్తిస్మం పొంది తన బంధువర్గమంతటినీ కదిలిస్తున్నాడు. మాదిగలను చేర్చుకొంటే మేము రాము అని పై కులాలవారు స్పష్టంగా చెప్పారు. ఆనాటి మిషనరీలలో చాలామందిది పైవారిని ముందు పట్టుకొంటే కిందివారు వాళ్లంతట వాళ్లే వస్తారన్న లెక్క. క్లౌకు ఏం చేయాలో తోచలేదు. గదిలోకి వెళ్లి అక్కడున్న బైబిళ్లలో ఒకటి తీస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం తెరుచుకొంది. లోకం నీచంగా చూసినవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని చెప్పే భాగమది. అదే సమయంలో మరో గదిలో ఆయన భార్య హారియెట్ కూడా బైబిలు తెరిస్తే అదే భాగం వచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకొని ఆశ్చర్యపోయారు. దేవుని మాట ఇదేనని నిశ్చయించుకొన్నారు. మాదిగలను చేర్చుకొన్నారు. పై కులాల స్నేహం తెగిపోయింది.

ఈ ఘట్టం నిజమా కాదా అన్నది మా ప్రశ్న కాదు. ఇది ఎలా చెప్పబడిందన్నదే ప్రశ్న. ఒక్క మనిషికి వచ్చిన నడిపింపుకు సాక్ష్యం ఉండదని పైన అన్నాము. కథకుడికి కూడా ఈ సంగతి తెలుసు. అందుకే ఇక్కడ రెండు గదులు, రెండు బైబిళ్లు, ఇద్దరు మనుషులు వచ్చారు. ఇద్దరు సాక్షుల నోట మాట స్థిరపడాలన్నది ధర్మశాస్త్రపు సూత్రం. తెలిసో తెలియకో కథనం ఆ సూత్రాన్ని పాటించింది. ఇంకొకటి గమనించాలి. తెరుచుకొన్న భాగం కొత్తగా ఏమీ చెప్పలేదు. అది ఆయన ఎన్నోసార్లు చదివిన భాగమే. అందరికీ ఎప్పటినుంచో రాసి ఉన్న ఆజ్ఞ ఆ మధ్యాహ్నం ఒక ఇంటికి నడిపింపు అయింది. ఆజ్ఞకూ నడిపింపుకూ మధ్య ఉన్న ఎడాన్ని ఈ ఘట్టం పూడ్చింది. అందుకే ఇది పరిచర్య సాహిత్యంలో ఇంతగా వ్యాపించింది.

కాని ఇద్దరు సాక్షులలో ఒకరి నోరు మనకు వినపడదు. హారియెట్ 1893లో చనిపోయింది. మరుసటి ఏడు క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లి చేసుకొన్నాడు. ఆమె సామాన్యురాలు కాదు. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి పట్టా పొందింది. అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి పేరెన్నికగన్న వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. క్లౌ ఆత్మకథను ఆయన చెప్పగా రాసింది ఈమె. పుస్తకం ముఖపత్రం మీదే ఆ సంగతి ఉంది. అంటే మొదటి భార్య బైబిలు తెరిచిన కథను భర్త చెప్పగా రెండో భార్య రాసింది. ‘నేను’ అని పుస్తకమంతా మాట్లాడే ఆ గొంతులో ముగ్గురున్నారు. పుస్తకం పేరులోని ‘సోషల్’ అన్న విశేషణం 1866 నాటి మిషనరీ నోట పలికేది కాదు. అది 1914 నాటి, ఎమ్మా కుటుంబంలో నలిగిన మాట. దైవాజ్ఞగా అందిన ఒక పాత అనుభవాన్ని సామాజిక న్యాయంగా చదివే చూపు ఈ పుస్తకానికి ఎమ్మా వైపు నుంచి వచ్చి ఉంటుందని మేము ఊహిస్తున్నాము. ఇది పుస్తకానికి లోపం కాదు. దాని విలువలో సగం ఇదే.

ఇక్కడే మరాఠీ చదువుకొన్న విద్యార్థికి ఉన్న సౌలభ్యం అక్కరకు వస్తుంది. లక్ష్మీబాయి తిళక్ ‘స్మృతిచిత్రే’ వారికి తెలిసే ఉంటుంది. 1934 నుంచి భాగాలుగా వెలువడిన ఆ ఆత్మకథలో ఆమె భర్త, కవి నారాయణ వామన తిళక్, దేవుని పిలుపు విన్నప్పుడల్లా ఇంట్లో ఏమవుతుందో ఆమె చెబుతుంది. 1895లో ఆయన క్రైస్తవుడయ్యాడు. ఆమె అయిదేళ్లు దూరంగా ఉండి 1900లో తానుగా వచ్చింది. 1917లో ఆయన మిషను ఉద్యోగం వదిలేసి ‘దేవాచా దర్బార్’ పెట్టాడు. అది కూడా ఆయనకు అందిన ఆజ్ఞే. ఆమె దాన్ని కాదనదు, వెటకారం చేయదు. కాని పిలుపు వచ్చిన రోజున పొయ్యి వెలిగిందా లేదా అన్నది కూడా రాస్తుంది. ఆజ్ఞను విన్న మనిషి పక్కన ఉన్న మనిషి రాసిన పుస్తకమది. ఒంగోలు కథలో హారియెట్ అలాంటి పుస్తకం రాసి ఉంటే మన క్రైస్తవ సాహిత్యం ఇంకోలా ఉండేదని అనిపిస్తుంది. రాయలేదు గనుక ఆమె ఒక తలుపు తెరుచుకొని వచ్చి ఒక మాట చెప్పి వెళ్లిపోయే పాత్రగా మిగిలింది. సంస్కృత నాటకాల్లో ఇలాంటి పాత్రలు బోలెడు.

మళ్లీ ఒంగోలుకు వద్దాం. క్లౌ మాదిగలను చేర్చుకొన్నప్పుడు వారికి మూడు కట్టడలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువుల మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. దేవుని ఆజ్ఞను నమ్మకంగా పాటించడమంటే ఇదని ఆయన అనుకొన్నాడు. పుస్తకంలో ఇది చాలా మామూలుగా, మూడు మాటల్లో వస్తుంది. కాని ఆ మూడూ మాదిగవాడలోకి వెళ్లినప్పుడు ఏమయిందో చూడాలి. మాదిగలకూ రైతులకూ మధ్య ఉన్న సంబంధం మొత్తం చచ్చిన పశువు చుట్టూ తిరిగేది. రైతు పశువు చస్తే మాదిగ దాన్ని తీసుకుపోవాలి. తోలు ఊనాలి. దానితో మోట తిత్తి, చెప్పులు, వారులు కుట్టి రైతుకు ఇవ్వాలి. కళ్లం నాడు రైతు గింజలు కొలుస్తాడు. మాంసం ఆ ఒప్పందంలో ఒక భాగం. జాతర వస్తే డప్పు కొట్టాలి. కోతలు వస్తే ఆదివారం, సోమవారం అన్న తేడా లేదు. మూడు కట్టడలు ఈ ఒప్పందంలోని మూడు కొసలనూ ఒక్కసారి తెంపాయి. ఊరి పెద్దలకు ఇది మతం మార్పులా కనిపించలేదు, పని మానుకోవడంలా కనిపించింది. వారి దృష్టిలో అది నిజం కూడా. పనులు ఇవ్వలేదు. కొట్టారు. దొంగ కేసులు పెట్టారు. క్లౌ వారి తరఫున అధికారుల దగ్గరకు తిరిగాడు. అది ఆయన గొప్పదనం. అయినా దెబ్బలు తిన్నది ఆయన కాదు.

ఉజ్జా కథ ఇక్కడ గుర్తుకు వస్తుంది. కాని ఒక తేడా ఉంది, దాన్ని మరుగుపరచడం న్యాయం కాదు. ఉజ్జాను ఎవరూ అడగలేదు. మాదిగలు ఎంచుకొన్నారు. ఆ మూడు కట్టడల్లో వారికి కావలసినది ఏదో ఉంది. చచ్చిన గొడ్డు మాంసం తినమని చెప్పగలగడం, డప్పు కొట్టం అనగలగడం, వారంలో ఒక రోజు నాది అనగలగడం, వీటిని వారు దేవుని ఆజ్ఞగా తీసుకొన్నారా, తమ ఆత్మగౌరవానికి దొరికిన ఆధారంగా తీసుకొన్నారా? రెండింటినీ విడదీయడం సాధ్యమని మేము అనుకోవడం లేదు. దొరకు కట్టడ అయినది వాడలో కాదనే హక్కు అయింది. విధేయత అనే మాటను ఒకవైపు నుంచే చదివే విమర్శకు ఇది అందదు. దేవునికి లోబడుతున్నామని చెప్పి కరణానికి లోబడటం మానేశారు.

1876-78 కరువు దగ్గర ఈ కథ మరో మలుపు తిరుగుతుంది. బకింగ్‌హామ్ ప్రభువు మద్రాసు గవర్నరుగా ఉన్న కాలమది. ప్రభుత్వం కరువు పనిగా కాలువ తవ్విస్తున్నది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొన్నాడు. కుర్రతనంలో గొలుసు పట్టి భూమి కొలిచిన అనుభవం ఇప్పుడు పనికొచ్చింది. బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చి తవ్వారు, కూలి తీసుకొన్నారు, బతికారు. సాయంత్రాలు బోధకులు వారితో కూర్చొని మాట్లాడేవారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవారు వందలు, వేలు. క్లౌ ఇవ్వలేదు. ఇంచుమించు పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు.

ఆజ్ఞను అక్షరం ప్రకారం చూస్తే ఇది అవిధేయత. మత్తయి సువార్త చివరనున్న ఆజ్ఞ సమస్త జనులకూ బాప్తిస్మం ఇమ్మనే చెబుతుంది, కరువు తీరేదాకా ఆగమనదు. అడిగినవాణ్ణి తిప్పి పంపడానికి దానిలో వీలు లేదు. అయినా కూలి డబ్బులిచ్చే చేత్తో బాప్తిస్మం ఇస్తే ఆ బాప్తిస్మం ఎవరిదో తెలియకుండా పోతుందని ఆయన గ్రహించాడు. బియ్యం కోసం కలిసినవారన్న నింద వారి మీద పడుతుంది, తన మీద పడదు. ఇక్కడ ఆయన ఆజ్ఞను పాటించడం ఆపి దాని ఉద్దేశాన్ని కాపాడాడు. ఈ పుస్తకంలో విధేయతకు అన్నిటికన్నా కష్టమైన రూపం ఇదేనని మా అభిప్రాయం. బైబిలు తెరిచిన ఘట్టం అందరికీ తెలుసు. ఈ పదిహేను నెలల మౌనం గురించి ప్రసంగాల్లో అంతగా వినపడదు. తెరుచుకొన్న పుట ఒక క్షణం. ఇది ఏడాది పైగా ప్రతి సాయంత్రం చెప్పవలసి వచ్చిన ‘ఇప్పుడు కాదు’. దీనికి బైబిలు తెరుచుకొన్నట్లు, వాక్యం వచ్చినట్లు కథకుడు చెప్పలేదు. నడిపింపు లేని చోట వివేకం పనిచేసింది. దాన్ని కూడా దేవుని పని అనడానికి కథకుడికి కొంచెం బిడియంగా ఉన్నట్లు కనిపిస్తుంది.

1878 నడుమ సహాయం డబ్బు అయిపోయింది. ఇక ఏమీ ఇవ్వలేమని జనానికి చెప్పించి, బోధకులను మాత్రం ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి రమ్మన్నాడు క్లౌ. బోధకుల వెంట వేల జనం వచ్చింది. సహాయం అక్కరలేదు, బాప్తిస్మం కావాలన్నారు. మేము కూలి చేసి బతికాము, బిచ్చం తినలేదని కాయలు కాచిన చేతులు చూపించారు. ఆయన వాదన ఏమిటో దానికి జవాబు వారే తెచ్చుకొన్నారు. జులై 3న ఒక్కరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు, మరునాడు కలుపుకొంటే మూడు రోజుల్లో మూడున్నర వేలకు పైన. నీళ్లలోకి దిగింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొంటూ దిగారు. ఇంతమందికి ఒకరోజులో ఎలా సాధ్యమని అమెరికాలో సందేహించినవారికి క్లౌ తరవాత లెక్క చెప్పవలసి వచ్చింది. మాకు మాత్రం అంకె కన్నా ఆ కాయలు కాచిన చేతులు ముఖ్యం. ఒంగోలు బంగళాలో ఆజ్ఞ పుస్తకం నుంచి వచ్చింది. వెల్లంపల్లిలో అది కింది నుంచి, గుంపు నుంచి వచ్చింది. ఈసారి లోబడినవాడు దొర.

ఇదే కాలువను మరో చోట నుంచి చూసిన పుస్తకం మనకు 2000లో వచ్చింది. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’. ఎన్నెలదిన్ని ఎల్లన్న కొడుకు శివయ్య కరువులో ఊరు వదిలి కాలువ పనికి నడిచి వెళతాడు. అక్కడ తవ్వుతున్న కులాలవాళ్లు వీళ్లను తమతో కలిసి పని చేయనివ్వరు. ఆకలికి కూడా అంటు ఉంటుందని ఆ ఘట్టం చెబుతుంది. క్లౌ పుస్తకం ఒక్కటే చదివినవారికి వేరే గుత్త ఎందుకు అవసరమయిందో అర్థం కాదు. దొర దయ అనుకొంటారు. నవల చదివాక ఆ మూడున్నర మైళ్ల విలువ తెలుస్తుంది. శివయ్య సీమోను అవుతాడు. అతను అలా కావడానికి ఏ పుటా తెరుచుకోదు. తనలాంటి మనిషే ఒకడు చెయ్యి పట్టుకొంటాడు. నవల అక్కడితో ఆగదు. కొత్త దేవుడి దగ్గర కూడా పాత కులం ఎలా కూర్చొందో, విధేయతను బోధించే సంఘం ఎవరికి విధేయంగా ఉందో అడుగుతుంది. కొన్నిచోట్ల ఆ ప్రశ్న పాత్రల నోట కన్నా రచయిత నోట ఎక్కువ వినిపిస్తుందన్న ఫిర్యాదు మాకుంది. అయినా అడగవలసిన ప్రశ్నే. ఈ నవలలో కథ అంతా గుర్తు చేసుకొనే స్త్రీ పేరు రూతు. 1854లో కొండ ఎక్కిన ఇద్దరు స్త్రీలలో ఒకరి పేరు కూడా అదే. కావాలని పెట్టినదైనా కాకపోయినా, కొండ మీద ఒక పేరుగా ఆగిపోయిన మనిషికి నూటయాభై ఏళ్ల తరవాత నోరు వచ్చినట్లుంది.

జాషువ ‘గబ్బిలం’ను కూడా ఈ వరసలో పెట్టి చదవాలని విద్యార్థులకు మా సూచన. కవి క్రైస్తవుడు. కావ్య నాయకుడు అరుంధతీసుతుడు, అంటే మాదిగ. 1941 నాటి ఆ కావ్యంలో దేవుడు మనిషికి ఏ ఆజ్ఞా ఇవ్వడు. మనిషే గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. పరిచర్య గ్రంథాల్లో సందేశం పై నుంచి కిందికి దిగుతుంది, గబ్బిలంలో కింది నుంచి పైకి పోతుంది. జవాబు వచ్చిందా అన్నది వేరే సంగతి. వెల్లంపల్లిలో చేతులు చూపించిన జనానికీ, ఈ నాయకుడికీ బంధుత్వం ఉంది.

చివరగా పేరయ్య. ఈ కథలో మొదటి అడుగు వేసినవాడు అతనే. దొర ఒంగోలులో కాపురం పెట్టకముందే అతను తోళ్ల వ్యాపారం మీద ఏలూరు దాకా వెళ్లి అక్కడ కొత్త మతం గురించి విని వచ్చాడు. అతనికి ఏ కొండ మీదా ప్రార్థన జరిగిన సంగతి తెలియదు. తన చేత్తో ఏమీ రాసిపెట్టలేదు. ఎమ్మా 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’లో మాదిగవాడల్లో వ్యాపించిన యోగ గురువుల సంప్రదాయం గురించి, వీరబ్రహ్మం పేరు చెప్పుకొనే ఆ గురు పరంపర గురించి విస్తారంగా ఉంది. పేరయ్య ఆ సాధన చేసినవాడు. ఒక్క దేవుడున్నాడు, ఆయన లోపల ఉన్నాడు, విగ్రహాల్లో లేడు అన్నది అతను బాప్తిస్మానికి ముందే ఒక గురువు దగ్గర కూర్చొని నేర్చుకొన్న సంగతి. దొర పెట్టిన మూడు కట్టడల్లో కనీసం ఒకటి పేరయ్యకు కొత్తది కాదు. ఆ రెండు గదుల్లో రెండు బైబిళ్లు తెరుచుకొనేనాటికి అతను తన మనుషులను వెంటబెట్టుకొని బయలుదేరి ఉన్నాడు.